తోటబంగ్లా ఉప్పు మరిగ

నేను ఒక ఉప్పు మరిగను. మరిగ అంటే ఏమిటని ఈ కాలం పిల్లలు అడుగుతారు కనుక ముందే చెప్పేస్తాను. ఉప్పు పోసి ఉంచుకునే చెక్క గిన్నె. పనస దుంగను తొలిచి చేశారు నన్ను. నా నెత్తిన ఒక మూత ఉంది, అది చెక్క చీల మీద పక్కకి తిరుగుతుంది. కడుపులో శేరున్నర రాళ్ళుప్పు పడుతుంది. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అందట ఉప్పు. అరవై ఏళ్ళకు పైగా దాన్ని మోసినదాన్ని కదా, ఆ పొగరు నాకూ కొంత అంటింది. ఇప్పుడు నాలో ఉప్పు లేదు. పొగరు కూడా లేదు. ఎందుకు లేదో చెబుతాను.

మా తోటబంగ్లా ఉద్దానంలో ఉంది. చుట్టూ జీడిమామిడి, పనస, కొబ్బరి. తూర్పుగాలి వీస్తే సముద్రం హోరు వినిపిస్తుంది. జీడిపప్పు వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ఒక పెద్దమనిషి ఎనిమిది గదుల మేడ కట్టించి, దాని సుఖం తెలియకుండానే కన్నుమూశాడు. మరుసటి ఏడు పెద్ద తుఫాను వచ్చి సగం తోటను పడగొట్టింది. ఆయన భార్య సన్యాసమ్మ గారు పడిపోయిన చెట్లన్నీ కట్టెలకు ఇచ్చేశారు గానీ, వంటింటి వెనక పనసచెట్టును మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. "దీని తొనలు తినే నా పిల్లలు పెరిగినారు. పొయ్యిలో ఎలగ పెడతాను?" అని వడ్రంగి గవరయ్యను పిలిపించారు. ఆయన ఆ దుంగలోంచి రెండు పీటలు, ఒక కవ్వం, నన్నూ తీశాడు. నా అడుగున ఆయన ఉలి జారిన గాటు ఇప్పటికీ ఉంది. మనుషులకు పుట్టుమచ్చలాగా నాకది.

బంగ్లా హోటలు కావడం ఎవరూ అనుకుని చేసింది కాదు. ఒకరోజు రోడ్డు మీద కారు చెడిపోయి నలుగురు మనుషులు మధ్యాహ్నం ఎండలో గుమ్మం ముందు నిలబడ్డారు. సన్యాసమ్మ గారు వాళ్ళకు విస్తళ్ళు వేశారు. మరుసటి ఏడు వాళ్ళే మళ్ళీ వచ్చి, ఈసారి కారు చెడిపోలేదండీ, భోజనానికే వచ్చాం అన్నారు. తరవాత రెండు రోజులు ఉంటామన్నారు. అలా ఒక్కో గదికీ తాళం తీసి, దులిపి, మంచం వేశారు. మనుషుల సంగతి నాకు ఎన్నటికీ అర్థం కాదు. తమ ఇంట్లో పొయ్యి వెలిగించడానికి బద్ధకించే వాళ్ళే ఇంటివంట కోసం నూరు మైళ్ళు వస్తారు.

ఆ వంటింటికి ఒక కట్టుబాటు ఉంది. వండినది ఏదైనా ముందు దేవుడి గూట్లో పెట్టాలి. అంతకుముందు ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు, ఉప్పు చాలిందో లేదో చూడటానికైనా సరే. ఎంగిలవుతుంది. మరి ఉప్పు ఎలా తెలుస్తుంది? ముక్కుతో. సన్యాసమ్మ గారి కోడలు దమయంతి పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఈ ఇంటికి వచ్చిన మూడో రోజున, అత్తగారు ఆమెను పులుసు కుండ ముందు కూర్చోబెట్టారు. "ఉప్పు చాలని పులుసు పచ్చి వాసనేస్తాది. ఉప్పు పడి మరిగితే వాసన తిరుగుతాది. ఆ తిరగడం పట్టుకో. అదే వంట" అన్నారు.

దమయంతి నెల రోజులు పట్టుకోలేకపోయింది. ఒకసారి చప్పన, ఒకసారి ఉప్పుకషాయం. భర్త త్రినాథరావు పాపం ఏది పెట్టినా తలవంచుకుని తినేవాడు. ఒక వాన రోజు పొద్దున్న, కంద పులుసు మరుగుతుండగా, ఆమె నాలోంచి చిటికెడు తీసి వేసి, ఆవిరిలోకి ముఖం వంచి, ఒక్కసారిగా "అత్తా! తిరిగింది!" అని కేక పెట్టింది. ఆ కేకకు పెరట్లో కోళ్ళు బెదిరిపోయాయి. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి నాలో పడితే నాకు ధైర్యంగా ఉండేది. చూడకుండా ముంచేది, లెక్కపెట్టకుండా విసిరేది, ఎన్నడూ తప్పేది కాదు.

ఉప్పు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వరు, తెలుసు కదా. ఇస్తే తగవులొస్తాయంటారు. సన్యాసమ్మ గారు ముసలితనంలో వంటిల్లు వదిలిన రోజున నన్ను తెచ్చి గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగారు. దమయంతి వచ్చి నన్ను ఎత్తుకుంది. అంతే. తాళాల గుత్తి లేదు, ఉపన్యాసం లేదు. ఈ ఇంట్లో వంటిల్లు చేతులు మారడమంటే అదే.

దమయంతి కూతురు ప్రశాంతి విశాఖపట్నంలో హోటళ్ళ చదువు చదివి వచ్చి, ఖాళీ పశువులశాలకు సున్నం వేయించి, ఆరు పొయ్యిలు కట్టించి, అక్కడ వంటబడి పెట్టింది. ఐదు రోజుల చదువు. రాయపూర్ నుంచి, భువనేశ్వర్ నుంచి, హైదరాబాదు నుంచి జనం వచ్చేవారు. అందులో రిటైరైన ఇంజనీర్లు ఉండేవారు, కొత్తగా పెళ్ళయిన జంటలు ఉండేవారు. అందరూ వచ్చేది ఒక్కదాని కోసమే, రుచి చూడకుండా వండే దమయంతి గారి దగ్గర కూర్చోవడానికి. "నాలికను నమ్మకండి. అది పొగడ్త కోరుతాది. ముక్కు అబద్ధం ఆడదు" అనేది ఆమె. పెద్ద పెద్ద మీసాల వాళ్ళు కుండల మీదికి వంగి కళ్ళు మూసుకుని ఎగబీలుస్తుంటే నాకు నవ్వొచ్చేది. త్రినాథరావు గదులూ తోటా చూసుకునేవాడు. ఆయన చెల్లెలు వరహాలమ్మ, భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి, వదిన పక్కనే ఉండి కూరలు తరిగేది, పిండి రుబ్బేది.

ఒక ఏడు కార్తీకంలో దమయంతికి విషజ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మంచం మీద ఉంది. పదమూడో రోజున లేచి, తలకు పోసుకుని, వంటింట్లోకి వచ్చి, పోపు వేసింది. ఇంగువ పొగ లేచింది. ఆమె కదలకుండా నిలబడిపోయింది. పోపు మాడిపోయింది. వరహాలమ్మ పరుగెత్తుకొచ్చి మూకుడు దింపి, "ఏటి వదినా, ఇల్లంతా కమరు వాసనొచ్చీస్తంది, నీకు రాలేదేటి?" అంది. "నీరసం, కళ్ళు తిరిగినాయి" అంది దమయంతి.

వరహాలమ్మ వెళ్ళాక ఆమె నా దగ్గరికి వచ్చింది. మూత తిప్పి నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకో వాసన ఉండేది లెండి. పనస చెక్కలో ఉప్పు చెమ్మ ఏళ్ళ తరబడి ఊరి, పనస తొనకూ సముద్రానికీ మధ్య ఎక్కడో ఉండే వాసన. కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమెకు అది తెలుసు. గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. మూత వేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాలుగు చుక్కలు నా మీద పడ్డాయి. ఉప్పుకు ఉప్పు కొత్త కాదు గానీ, ఆ ఉప్పును మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

ఎవరికీ చెప్పలేదు ఆమె. చెప్పి ఉంటే డాక్టరో, మందో, కనీసం ఒక ఓదార్పు మాటో దొరికేది. కానీ ముక్కుతో వండే మనిషి ముక్కు పోయిందని ఎవరితో అనగలదు? ప్రతి పొద్దున్నా స్నానం చేసి వచ్చి నన్ను వాసన చూసేది. రాకపోతే మూత వేసి పనిలో పడేది. అది ఆమెకు ఒక మొక్కులాగా అయిపోయింది.

చెయ్యి మాత్రం మారింది. ఇప్పుడు మూడు వేళ్ళతో తీసేది, కొంచెం రాల్చేది, మళ్ళీ తీసేది. ఎక్కువైతే తియ్యలేమని భయం. అందుకని రోజూ ఒక చిటికెడు తక్కువే వేసేది. ఆవిరి మీదికి వంగి, కళ్ళు మూసి, "ఆఁ, తిరిగింది" అని విద్యార్థులకు చెప్పేది. అది అబద్ధమని నాకు తెలుసు. వరహాలమ్మకు కూడా తెలుసు.

ఎలా కనిపెట్టిందో చెప్పలేను. ఆడవాళ్ళు పక్కపక్కన ముప్పై ఏళ్ళు కూరలు తరిగితే ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుందేమో. దమయంతి కొంచెం కొంచెం వడ్డించుకుని దేవుడి గూటికి వెళ్ళి రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో వరహాలమ్మ వచ్చి, ఆ తక్కువైన చిటికెడు నాలోంచి తీసి కుండలో వేసి, కలియబెట్టి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చునేది. దమయంతి అందరూ తిన్నాక, చివర తినేది. ముక్కు పోయినా నాలుక పోలేదు. ఉప్పు సరిపోయిందని నాలుక చెప్పేది. "ముక్కు లేకపోయినా నా చెయ్యి మరిచిపోలేదు" అని ఒకరోజు నాతో గుసగుసగా అంది. ఎంత సంతోషంగా అందో! నాకు నోరుంటే బాగుండునని అనిపించలేదు. నోరు లేకపోవడమే మంచిదనిపించింది.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. జ్యేష్ఠంలో వరహాలమ్మ ఆడబిడ్డ కూతురికి పురుడు వచ్చిందని కబురొస్తే, ఆమె మూడు రోజులకని సోంపేట వెళ్ళింది. బడిలో అప్పుడు పద్నాలుగు మంది ఉన్నారు. ఆమె లేని మొదటి రెండు రోజులు విద్యార్థులే వండుకోవడంతో గడిచిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం దమయంతి వండిన పప్పూ కూరా విస్తళ్ళలో పడ్డాయి. ఆవకాయ జాడీ ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు తిరిగింది. త్రినాథరావు ఒక ముద్ద తిని భార్య వంక చూశాడు. ప్రశాంతి ఒక ముద్ద తిని తండ్రి వంక చూసింది, ఆయన చూడటం లేదు. చివరగా దమయంతి తింది. చప్పన. నా దగ్గరికి వచ్చి నిలబడి, "మొన్నటిదాకా బాగానే ఉంది కదే" అంది. నేనేం చెప్పను?

మర్నాడు ఆఖరి రోజు. ఆ రోజు దమయంతి గారే వండి పెట్టడం బడి ఆనవాయితీ. పొద్దున్నే ఆమె నన్ను అంచు దాకా నింపింది. ముక్కల పులుసు పెద్ద గుండిగలో మరుగుతోంది. నిన్న తక్కువైందన్న దిగులుతో ఈసారి రెండు పిడికిళ్ళు వేసింది. సరిగ్గా అదే సరిపోయేది. ఆ రోజు ఆమె చెయ్యి నిజంగానే కుదిరింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి. దేవుడికి గిన్నెలో తీసుకుని గూటికి వెళ్ళింది.

ముందు త్రినాథరావు వచ్చాడు. మంచినీళ్ళ కోసం వచ్చినవాడిలా ఇటూ అటూ చూసి, నాలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి గుండిగలో వేశాడు. జీవితంలో వంటింట్లో ఆయన చేసిన మొదటి పని అది. ఆయన వెళ్ళాడు, ప్రశాంతి వచ్చింది. అమ్మ గౌరవం, బడి పేరు, రెండూ ఆ పిల్ల ముఖంలో కనిపిస్తున్నాయి. ఇంకో పిడికెడు. ఆ వెంటనే పెరటి గుమ్మంలోంచి వరహాలమ్మ, పొద్దుటి బస్సు దిగి చేతిసంచి కూడా కింద పెట్టకుండా, ఒగరుస్తూ వచ్చింది. మూడు రోజులు వదిన ఏం తిప్పలు పడిందో అనుకుని ఎప్పటికంటే కొంచెం ఎక్కువే వేసింది. దేవుడికి పెట్టిందాకా నాలుక మీద వేసుకోకూడదు కనుక ఎవరూ రుచి చూడలేదు. ప్రేమ ఉన్నచోట మనుషులు ఒకరినొకరు అడగరు. నేనైతే మూత బిగించుకుందామనుకున్నాను. మూత నా చేతిలో లేదు, వాళ్ళ చేతుల్లో ఉంది.

విస్తళ్ళలో పులుసు పడింది. ఒకాయనకు పొలమారింది. ఒక కొత్త పెళ్ళికూతురు నీళ్ళు గడగడ తాగింది. మిగతావాళ్ళు మర్యాదస్తులు, ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నారు. దమయంతి వంటింట్లోకి వచ్చి గరిటెతో అరచేతిలో పోసుకుని నాలుక మీద వేసుకుంది. తరవాత నా వైపు తిరిగి మూత తీసింది. అంచు దాకా నింపినదాన్ని సగానికి దిగి ఉన్నాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు.

ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇందులో ఎవులు చెయ్యి పెట్టినారు?" అంది దమయంతి.

"నానే వదినా" అంది వరహాలమ్మ. "రోజూ నానే. జొరం తగ్గిన కాణ్ణుంచీ."

"నేనూ వేసేనమ్మా, ఇయ్యాలే" అంది ప్రశాంతి.

త్రినాథరావు చెయ్యి చూపించాడు. వేళ్ళ సందుల్లో ఇంకా రెండు ఉప్పు గళ్ళు అంటుకుని ఉన్నాయి.

దమయంతి నా పక్కన గట్టు మీద కూర్చుండిపోయింది. "ఎనిమిది నెల్లు" అంది. "ఎనిమిది నెల్లు నా చెయ్యి బాగుందని మురిసిపోనాను. అది నా చెయ్యి కాదన్నమాట. ముక్కు పోయిందని నాకు బాధ నేదు వరహాలూ. అందరికీ తెలుసు, నాతో మాత్రం ఒక్కరూ అన్లేదు."

"నువ్వూ మాతో అన్లేదు కదే" అన్నాడు త్రినాథరావు మెల్లగా.

బయట విస్తళ్ళు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. దమయంతి లేచి, ముఖం కడుక్కుని, నన్ను రెండు చేతులతో ఎత్తి కూతురి ముందు గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. ప్రశాంతి నన్ను ముట్టుకోలేదు. "వద్దమ్మా" అని ఏడ్చింది. వరహాలమ్మ ముట్టుకోలేదు. ఆ పూటంతా నేను ఆ గట్టు మీద, ఎవరికీ కాకుండా ఉన్నాను.

బడి ఆగలేదు. హోటలూ ఆగలేదు. పొయ్యి ముందు వరహాలమ్మ కూర్చుంటోంది. గూట్లో పెట్టాక ప్రశాంతి చెంచాతో రుచి చూస్తుంది, పలక మీద గ్రాముల్లో రాస్తుంది. వచ్చినవాళ్ళు రాసుకుని సంతోషంగా పోతున్నారు. డాక్టరు దగ్గరికీ వెళ్ళారు. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, వస్తే మెల్లగా వస్తుందన్నాడట. దమయంతి వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంది, జీడిపప్పు ఏరుతుంది. ఎవరైనా పలకరిస్తే నవ్వుతుంది. వంటింటి గుమ్మం దాటదు.

నన్ను పారేయడానికి ప్రశాంతికి మనసు రాలేదు. పిల్ల చెడ్డది కాదు. ఉప్పు తీసేయించి, ఎండబెట్టించి, పురుగు పట్టకుండా వడ్రంగితో లోపలా బయటా గరుకు కాగితం పట్టించి, మూడు పూతలు వార్నిష్ వేయించింది. భోజనాల హాల్లో అద్దాల బీరువాలో పెట్టి ముందొక అట్ట నిలబెట్టింది. "నూటయాభై ఏళ్ళ నాటి ఉప్పు మరిగ" అని ఉంది దాని మీద. నా వయసుకు ఎనభై ఏళ్ళు కలిపారు, పెద్దరికం ఇచ్చారనుకుని ఊరుకున్నాను. కొత్తలో వార్నిష్ కంపుకు నాకే తల తిరిగేది. రెండు వానాకాలాలకు అదీ పోయింది. ఇప్పుడు నిగనిగలాడుతున్నాను. అతిథులు నా పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు.

మొన్న మాఘమాసంలో ఒకరోజు, భోజనాలు అయిపోయి హాలు ఖాళీగా ఉంది. దమయంతి వరండాలోంచి లోపలికి వస్తోంది. వంటింట్లో వరహాలమ్మ తమ కోసం ఎండుచేప కాలుస్తోంది. దమయంతి నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగింది. తల పైకెత్తింది. ముక్కుపుటాలు కదిలాయి, నేను చూశాను. ఒక్క క్షణం ఆమె ముఖం ఆ వాన రోజు పద్దెనిమిదేళ్ళ పిల్ల ముఖంలా అయిపోయింది. నోరు తెరిచింది, పిలుద్దామని. మళ్ళీ మూసుకుంది. తనను తాను నమ్మలేదు. ఎనిమిది నెలలు అబద్ధపు మెచ్చుకోలు తిన్న మనిషి మరి, ఈసారి ఖాయం చేసుకోకుండా ఎవరితోనూ అనదు.

అందుకే నా దగ్గరికి వచ్చింది.

అద్దం తలుపు తీసింది. నన్ను కిందికి దించి, మూత తిప్పి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. నా ఒంట్లో ఉన్న పనసనంతా, సముద్రాన్నంతా పైకి తెద్దామని చూశాను. మూడు పూతల కింద ఎక్కడో ఉంది అది, పైకి రాలేదు. ఆమె పీల్చింది. మళ్ళీ పీల్చింది.

లేదమ్మా, ఈసారి తప్పు నీది కాదు, నాది.

"నేదులే" అంది ఆమె. మూత సరిగ్గా తిప్పి, నన్ను అట్ట వెనక యథాస్థానంలో పెట్టి, అద్దం మీద తన వేలిముద్రలు కొంగుతో తుడిచి, వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత మళ్ళీ రాలేదు.